కిరాయి హలాలే... మరి హిసాబ్?

మా బెహనోయి పన్నెండేళ్లుగా జెద్దాలో ఉంటున్నాడు. మొన్న జుమా రోజు నేను మా చెల్లెలి ఇంట్లో ఉండగా వీడియో కాల్ చేశాడు. "భాయ్‌జాన్, టోలీచౌకీలో ఒక ఫ్లాట్ చూశాను. 60 లక్షలు చెబుతున్నారు. కొనేసి కిరాయికి ఇద్దామనుకుంటున్నా. బ్యాంకులో వేస్తే సూద్, కిరాయి అయితే పాక్ ఆమ్‌దనీ కదా. మీరు ఒకసారి హిసాబ్ చూసి చెప్పండి" అన్నాడు.

పేపర్లో రాసేవాడికి లెక్కలు కూడా వస్తాయని మా ఖాందాన్‌లో ఒక నమ్మకం. నిజానికి ఉర్దూ మీడియం స్కూల్లో నేర్చుకున్న లెక్కల్లో నాకు బాగా గుర్తున్నది ఒక్క పాఠమే. సూద్-ఎ-ముఫ్రద్, సూద్-ఎ-మురక్కబ్. అంటే బారువడ్డీ, చక్రవడ్డీ. ఆ పాఠం మొదలుపెట్టే ముందు మా మాస్టర్ సాబ్ "బచ్చో, యే సిర్ఫ్ ఇమ్తెహాన్ కే లియే హై" అనేవారు. ఇది పరీక్ష కోసమే, జిందగీలో వాడటానికి కాదని ఆయన భావం.

ఆ మాట మనందరికీ బాగా వంటబట్టింది. ఎంతగా అంటే, సూద్ అన్న పేరు లేకపోతే చాలు, ఇక ఏ హిసాబూ చూడక్కర్లేదు అనుకుంటున్నాం. కిరాయి హలాల్, అందులో షక్ లేదు. కానీ కిరాయి హలాల్ అయినంత మాత్రాన ఆ ఇల్లు కొన్న డబ్బు, రాసుకున్న దస్తావేజు, దాచిన పన్ను, పంచని వాటా అన్నీ హలాల్ అయిపోతాయా? ఈ వ్యాసం ఆ సవాల్ గురించే.

ముందు ఆ ఫ్లాట్ సంగతి చూద్దాం. ధర 60 లక్షలు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం అంతే. అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. బ్రోకర్‌కు 60 వేలు, రంగులు, ఫ్యాన్లు, నల్లాల రిపేర్లకు 90 వేలు. మొత్తం 66 లక్షలు. చాలామంది 60 దగ్గరే ఆగిపోతారు. జేబులోంచి పోయేది మాత్రం 66.

ఇక వచ్చేది. కిరాయి నెలకు 18 వేలు. పన్నెండు నెలలకు 2,16,000. కానీ ఒక కిరాయిదారు ఖాళీ చేసి ఇంకొకరు వచ్చేలోగా సగటున ఏడాదికి ఒక నెల పోతుందనుకోండి. మిగిలేది 1,98,000. ఆస్తి పన్ను 6 వేలు, చిల్లర రిపేర్లు 12 వేలు తీసేస్తే 1,80,000. అరవై ఆరు లక్షల మీద లక్షా 80 వేలు అంటే ఏడాదికి 2.7 శాతం.

మా బెహనోయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి అందరూ కొంటున్నారు కదా భాయ్‌జాన్?" అన్నాడు.

కొంటున్నారు. ఎందుకంటే మనం ఇంటికి విలువ కట్టేది పక్కింటి ధరను బట్టి, కిరాయిని బట్టి కాదు. కిరాయి కోసం కొనే ఇంటికి ఖీమత్ కట్టే పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ఖర్చులు పోను ఏడాదికి చేతికి వచ్చేదెంత? మీకు ఎంత శాతం మిగలాలి? మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. నాలుగు శాతమైనా రావాలి అనుకుంటే, లక్షా 80 వేలు తెచ్చే ఫ్లాట్‌కు ఖర్చులన్నీ కలిపి 45 లక్షలకు మించి పెట్టకూడదు. మిగతా 21 లక్షలు మనం కిరాయి కోసం పెట్టడం లేదు. రేపు ధర పెరుగుతుందన్న ఉమ్మీద్ కోసం పెడుతున్నాం.

ఇందులో ఇంకో చేదు నిజం ఉంది. టోలీచౌకీ, మెహదీపట్నం లాంటి మొహల్లాల్లో ఇళ్లకు అంత గిరాకీ ఎందుకు? పేరు వినగానే "ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశామండీ" అని ఫోన్ పెట్టేసిన మాలిక్‌లు నాకూ తగిలారు. మనవాళ్లు మనవాళ్ల మధ్యకే చేరాల్సి వస్తోంది. ఆ మజ్‌బూరీ కూడా ధరలో కలిసి ఉంది. కాబట్టి కిరాయి పెంచేటప్పుడు "మార్కెట్ రేటు ఇంతే" అనే మాలిక్, ఆ మార్కెట్ దేనితో తయారైందో ఒక్కసారి ఆలోచించాలి.

ధర పెరుగుతుందిలే అనుకునేవారు జకాత్ మసలా కూడా తెలుసుకోవాలి. కిరాయికి ఇవ్వడానికి కొన్న ఇంటి విలువ మీద జకాత్ లేదు. కిరాయిలో ఖర్చు కాకుండా మిగిలింది నిసాబ్‌కు చేరితే, ఏడాది చివర దాని మీద రెండున్నర శాతం. లక్షా 80 వేలూ అలాగే మిగిలాయనుకున్నా 4,500 రూపాయలు. అదే, కొనేటప్పుడే ధర పెరిగాక అమ్మాలన్న నియత్ పక్కాగా ఉంటే ఆ ఫ్లాట్ తిజారత్ మాల్ అవుతుంది. అప్పుడు ఏటా మార్కెట్ ధర మీద జకాత్. 60 లక్షల మీద రెండున్నర శాతం అంటే లక్షన్నర! మిగిలిన కిరాయి దాదాపుగా దానికే సరిపోతుంది. పెరుగుతుందని కొని పడేసిన ప్లాట్లకూ ఇదే వర్తిస్తుంది. నియత్ ఏమిటో కొనే రోజే తేల్చుకోండి. రెండు మనసులుగా ఉంటే ముఫ్తీ సాబ్‌ను అడగండి. బ్రోకర్‌ను అడగకండి.

ఇక డబ్బు ఎక్కడి నుంచి? మా బెహనోయి దగ్గర ఉన్నవి 21 లక్షలే. "మిగతాది లోన్ తీసుకుంటే కిరాయే కట్టేస్తుందట, ఏజెంట్ చెప్పాడు" అన్నాడు. సూద్ వద్దని ఇల్లు కొనేవాడు, ఆ ఇల్లు కొనడానికి సూద్ కట్టడం ఏమిటి? దీన్ మాట కాసేపు పక్కన పెట్టినా దునియా లెక్కే కుదరదు. 45 లక్షల లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 39 వేలు. కిరాయిలో ఖర్చులు పోను నెలకు మిగిలేది 15 వేలు. ప్రతి నెలా 24 వేలు జెద్దా నుంచి రావాల్సిందే. ఇరవై ఏళ్లలో కట్టేది దాదాపు 94 లక్షలు. అందులో వడ్డీయే 48 లక్షలకు పైగా. కిరాయి ఇంటిని మోయడం లేదు, ఇంటినీ బ్యాంకునీ మనిషి మోస్తున్నాడు.

"వడ్డీ కడితే టాక్స్ తగ్గుతుంది" అన్నది ఏజెంట్ చెప్పే రెండో మాట. కొత్త పన్ను విధానంలో కిరాయి ఆదాయం వరకే ఆ వడ్డీ తీసేస్తారు. అంతకు మించిన నష్టం జీతం మీద తగ్గదు. పాత విధానంలో కూడా ఏడాదికి 2 లక్షల వరకే. పది రూపాయల పన్ను మిగుల్చుకోవడానికి వంద రూపాయల సూద్ కట్టడాన్ని అఖల్ అనరు.

సొంత ఇల్లు లేనివాడి మజ్‌బూరీ వేరు. అందులో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. 1999లో యూరోపియన్ కౌన్సిల్ ఫర్ ఫత్వా అండ్ రీసెర్చ్ అక్కడి ముస్లింలకు ఇంటి లోన్ విషయంలో రుఖ్సత్ ఇచ్చినప్పుడు కూడా, అది కుటుంబం తలదాచుకునే ఇంటికే, వేరే ఇల్లు లేనివారికే అని షరతు పెట్టింది. రెండో ఇల్లు కొని కిరాయికి ఇచ్చుకోవడానికి ఆ రుఖ్సత్‌ను వాడుకోవడం ఆ ఫత్వాకు కూడా అన్యాయమే.

మరి రాస్తా లేదా? మన దేశంలో ఇస్లామీ బ్యాంకు లేదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్ గురించి సిఫార్సు చేసింది. 2017లో రిజర్వ్ బ్యాంక్ ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని చెప్పేసింది. మనకు మిగిలినవి పాత దారులే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి షిరాకత్‌లో కొనడం, ఎవరి డబ్బు ఎంతో, ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే రాయించుకోవడం. లేదా బిల్డర్ దగ్గరే ధర ముందే ఖరారు చేసుకుని కిస్తుల్లో కట్టడం. కానీ కిస్తు ఆలస్యమైతే వడ్డీ అన్న షరతు ఉందేమో అగ్రిమెంట్ చదవాలి. రెరా నంబర్ లేని "ప్రీలాంచ్"ల జోలికి పోకూడదు. రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు బిల్డర్ 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఆ భూమి వక్ఫ్‌ది కాదని కూడా చూసుకోవాలి. అల్లా పేరు మీద ఇచ్చిన జమీన్‌ను కొని దాని మీద కిరాయి తినడం కంటే నష్టం ఇంకొకటి ఉండదు.

ఇక్కడ మనం మాట్లాడుకోవడానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. రెహన్. పాత బస్తీలో ఎవరినడిగినా చెబుతారు. మాలిక్ చేతికి 6 లక్షలు ఇస్తారు. మూడేళ్లు కిరాయి లేకుండా ఉంటారు. తర్వాత 6 లక్షలూ వెనక్కి తీసుకుంటారు. బ్యాంకు అంటే తౌబా అనేవాళ్లే దీన్ని హాయిగా చేస్తారు. ఆ 6 లక్షలు కర్జ్ కాక మరేమిటి? ఆ కర్జ్ మీద దొరికిన ఫాయిదా ఉచిత నివాసం. కర్జ్ మీద షరతుగా తీసుకునే ఫాయిదా సూదేనన్నది ఫిఖహ్‌లో పేరున్న ఉసూల్. కొందరు నెలకు వంద రూపాయలు కిరాయి రాసుకుని "ఇప్పుడు జాయిజ్ అయింది" అంటారు. పద్దెనిమిది వేల ఇంటికి వంద రూపాయల కిరాయి! ఈ హీలా ఎవరి కోసం? మొహల్లా ఒప్పుకోవచ్చు, హిసాబ్ అడిగేవాడు మొహల్లా కాదు కదా.

తర్వాత పన్ను. బెహనోయి గొంతు తగ్గించి, "కిరాయి క్యాష్‌లో తీసుకుంటే సరిపోతుంది కదా?" అన్నాడు. నేను నవ్వాను. ఎందుకంటే అతను దాచాలనుకుంటున్న పన్ను అసలు లేదు.

చూడండి. వచ్చిన కిరాయి 1,98,000. అందులోంచి మనం కట్టిన ఆస్తి పన్ను 6 వేలు తీసేస్తారు. మిగిలిన 1,92,000లో 30 శాతం రిపేర్ల కింద చట్టమే మాఫ్ చేస్తుంది, రసీదులు కూడా అడగదు. మిగిలింది 1,34,400. ఇండియాలో అతనికి వేరే ఆమ్‌దనీ లేదు. పాత విధానంలో ప్రాథమిక మినహాయింపే రెండున్నర లక్షలు. 2025-26 నుంచి కొత్త విధానంలో నాలుగు లక్షలు. అంటే కట్టాల్సిన పన్ను సున్నా. ఇక్కడే ఉండి జీతం తీసుకునేవారికైతే, కొత్త విధానంలో జీతం, కిరాయి అన్నీ కలిపి పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేట్ వల్ల పన్ను పడదు. ఎన్నారైలకు ఆ రిబేట్ లేదు, అది గుర్తుంచుకోవాలి.

గల్ఫ్ వాళ్లకు మరో పని ఉంది. మాలిక్ ఎన్నారై అయితే, కిరాయి ఎంత చిన్నదైనా కిరాయిదారు టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. మామూలుగా 30 శాతం, దాని మీద సెస్సు. మాలిక్ రిటర్న్ వేసి అది వెనక్కి తెచ్చుకోవచ్చు. లేదా తక్కువ కోతకు ముందే సర్టిఫికెట్ తీసుకోవచ్చు. మన మొహల్లాల్లో ఇది చేసేవాళ్లు నాకు ఇంకా కనిపించలేదు. కానీ నోటీసు వస్తే ఇరుక్కునేది పాపం కిరాయిదారు. ఇల్లు ఇచ్చేటప్పుడే "నేను ఎన్నారైని" అని చెప్పడం మాలిక్ ఫర్జ్. ఇండియాలో ఉండే మాలిక్ అయితే, నెల కిరాయి 50 వేలు దాటినప్పుడే కిరాయిదారు టీడీఎస్ పట్టాలి.

దస్తావేజులో ధర తగ్గించి రాయడం ఇంకో పాత బీమారీ. 60 లక్షల ఫ్లాట్‌ను 40 లక్షలకు రాయించుకుని, 20 లక్షలు చేతికి ఇస్తారు. రిజిస్ట్రేషన్‌లో లక్షన్నర మిగిలిందని ఖుషీ. రేపు దాన్ని 70 లక్షలకు అమ్మారనుకోండి. నిజమైన లాభం 10 లక్షలు, కాగితం మీద లాభం 30 లక్షలు. దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. లక్షా పాతిక వేలు కట్టాల్సిన చోట మూడు లక్షల 75 వేలు. మిగిలింది లక్షన్నర, పోయింది రెండున్నర లక్షలు! పైగా స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి క్యాష్ తీసుకుంటే తీసుకున్నంతా జుర్మానా వేసే అధికారం చట్టంలో ఉంది. వీటన్నిటికంటే పెద్దది, ఇద్దరు నమాజీలు సబ్-రిజిస్ట్రార్ ముందు కూర్చుని అబద్ధం మీద సంతకం చేయడం. "బిస్మిల్లా చేసి సంతకం పెట్టాను" అని గర్వంగా చెప్పినవారిని చూశాను. అబద్ధం మీద బిస్మిల్లా ఏమిటి?

నా ఉపన్యాసం ఇక్కడిదాకా బాగానే సాగింది. పక్కనే కూర్చుని పాలకూర తుంచుతున్న మా చెల్లెలు తల ఎత్తకుండానే అడిగింది. "భాయ్, అబ్బా ఇంటి కిరాయి హిసాబ్ కూడా ఇలాగే రాశావా?"

నా నోట మాట రాలేదు.

కర్నూలులో అబ్బా కట్టిన ఇల్లు ఉంది. రెండు పోర్షన్లు, నెలకు 16 వేలు వస్తాయి. అబ్బా ఇంతిఖాల్ అయి ఆరేళ్లు. అమ్మీ నా దగ్గరే ఉంటుంది. కిరాయి నా ఖాతాలో పడుతుంది. అమ్మీ మందులు, ఇంటి రిపేర్లు, ఇంటి పన్ను అంటూ అందులోంచి తీస్తుంటాను. ఎంత తీశానో, ఎంత మిగిలిందో ఏనాడూ రాయలేదు. నా ఇద్దరు చెల్లెళ్లు అడగలేదు. అడగకపోవడాన్ని నేను మాఫీ అనుకున్నాను. అది మాఫీ కాదు, లిహాజ్. నాన్న వాటా అడిగితే మైకా తలుపు మూసుకుంటుందన్న భయం. మన ఇళ్లలో వేలమంది ఆడపిల్లల ఖామోషీకి మనం పెట్టుకున్న పేరు "మాఫ్ కర్ దియా".

ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. విరాసత్ హిసాబ్ ఖురాన్ లోనే ఉంది, నేను కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే నెలకు 2 వేలు. మిగిలిన 14 వేలలో కొడుకుకు రెండు భాగాలు, కూతుళ్లకు ఒక్కో భాగం. నాకు 7 వేలు, ఒక్కో చెల్లెలికి మూడున్నర వేలు. ఈ హక్ ఇల్లు అమ్మిన రోజు పుట్టేది కాదు. అబ్బా కళ్లు మూసిన రోజే పుట్టింది. 72 నెలలకు ఒక్కొక్కరికి 2,52,000. రిపేర్లు, ఇంటి పన్నులో వాళ్ల వాటా తీసేసినా, రెండు లక్షలకు పైగా వాళ్ల సొమ్ము నా దగ్గర ఉంది. అమ్మీ మందులు? ఆమె వాటా పోను పడిన ఖర్చు నా బాధ్యత. చెల్లెళ్లను అడక్కుండా వాళ్ల సొమ్ముతో ఖిద్మత్ చేసి సవాబ్ నేను తీసుకోవడం ఏం న్యాయం?

విచిత్రం ఏమిటంటే పన్ను చట్టం కూడా ఇదే చెబుతుంది. హిందూ ఉమ్మడి కుటుంబం అన్న పద్ధతి మనకు వర్తించదు. వారసుల వాటాలు ఖరారై ఉంటాయి కాబట్టి, కిరాయిలో ఎవరి వాటా వారి ఆదాయం, ఎవరి లెక్క వారిది. ఆరేళ్లుగా నేను ఆ కిరాయినంతా నా రిటర్న్‌లో చూపించాను. ఎంత ఈమాన్‌దారినో అనుకున్నాను. చెల్లెళ్ల సొమ్మును నాదని ప్రభుత్వానికి రాతపూర్వకంగా చెప్పానన్నమాట.

అంత మొత్తం ఒకేసారి ఇచ్చే స్థోమత నాకు లేదు. ఆ మాటే ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను. ఒక నోట్‌బుక్ పెట్టాను. ఈ నెల నుంచి వాళ్ల మూడున్నర వేలు వాళ్ల ఖాతాల్లోకే వెళుతున్నాయి, పాత బాకీ కింద ఇంకో మూడు వేలు. చిన్నది "రహనే దో భాయ్" అంది. తీసుకున్నాక నీ ఇష్టం, ముందు చేతికి తీసుకో అన్నాను. చేతికి రాని దాన్ని మాఫ్ చేయమనడం సిగ్గుచేటు.

మా బెహనోయి ఫ్లాట్ కొనలేదు. 21 లక్షలతో కర్నూలు వైపు ఏదైనా చిన్న పోర్షన్ల ఇల్లు, తమ్ముడితో షిరాకత్‌లో దొరుకుతుందేమో చూస్తున్నాడు. దొరికితే వాటాలు ముందే రాసుకుంటారు, ధర ఉన్నది ఉన్నట్టు రాస్తారు. దొరక్కపోతే ఆగుతాడు. ఆగడంలో నష్టం లేదు.

ఇది చదువుతున్నవారిలో కిరాయి తినేవాళ్లు చాలామందే ఉంటారు. ఈ రాత్రి ఇషా అయ్యాక ఒక కాగితం తీసుకోండి. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, కిరాయి ఎంత, అందులో ఎవరి హక్ ఎంత, చేరింది ఎంత అని నాలుగు గీతల్లో రాయండి. రాసేటప్పుడు ఎక్కడ కలం ఆగుతుందో, మన కిరాయిలో హలాల్ కానిది అక్కడే ఉంది. అల్లా మనందరికీ తౌఫీఖ్ ఇవ్వుగాక.